ఇమ్యూనిటీని పెంచే కణాలు వేరు, తగ్గించే కణాలు వేరా?

రోగనిరోధక కణాలు ఒకదానికొకటి కబురు ఎలా పంపుకుంటాయి, పెంచేవీ తగ్గించేవీ వేరువేరుగా ఉంటాయా అని అడిగారు. నేను డాక్టర్ని కాను. మా అక్కకు రుమటాయిడ్ ఆర్థరైటిస్, అంటే రోగనిరోధక వ్యవస్థ సొంత కీళ్ల మీదే పడి వాపు తెచ్చే జబ్బు. ఆమె వెంట ఆసుపత్రికి తిరుగుతూ అడిగీ చదివీ తెలుసుకున్నదే ఇది.

మెథోట్రెక్సేట్ అనే మందుకు వాపులు లొంగకపోతే డాక్టరుగారు అడాలిముమాబ్ ఇంజెక్షన్ మొదలుపెడదామన్నారు. ముందు ఛాతీ ఎక్స్‌రే, టీబీ పరీక్ష చేయించుకు రమ్మన్నారు. "వేళ్లు వాస్తే ఊపిరితిత్తులకు ఎక్స్‌రే ఏంటండీ?" అంది అక్క. మీ ప్రశ్నకు సగం జవాబు అక్కడే ఉంది.

మాక్రోఫేజ్ అనే కణం సూక్ష్మజీవి తగిలితే టీఎన్‌ఎఫ్ అనే ప్రొటీన్ వదులుతుంది. కణాలు ఇలా వదిలే కబురు ప్రొటీన్లే సైటోకైన్లు. సరిపోయే రిసెప్టర్ (కబురు అందుకునే ప్రొటీన్) ఉన్న కణానికి అది అతుక్కోగానే ఆ కణం లోపల కొన్ని జన్యువులు పనిలోకి దిగుతాయి. రక్తనాళాల గోడలు వదులై, తెల్లకణాలు అక్కడికి చేరతాయి, వాపు వస్తుంది. అక్క కీళ్లలో ఏ క్రిమీ లేకుండానే ఇదంతా నడుస్తోంది. కానీ అదే టీఎన్‌ఎఫ్, ఊపిరితిత్తుల్లో అణిగి ఉన్న టీబీ క్రిముల చుట్టూ మన కణాలు కట్టిన గ్రాన్యులోమా చెదరకుండా కాపాడుతుంది. అడాలిముమాబ్ చేసేది ఈ టీఎన్‌ఎఫ్‌ను అడ్డుకోవడమే. అడ్డుకుంటే కీళ్లకు సుఖం, టీబీ మళ్లీ లేచే ప్రమాదం. ఇలాగే టీఎన్‌ఎఫ్‌ను అడ్డుకునే ఇన్‌ఫ్లిక్సిమాబ్ మందు వాడినవాళ్లలో ఇలా జరుగుతోందని 2001లోనే బయటపడింది. అక్క టీబీ పరీక్ష పాజిటివ్ వచ్చింది. ఐసోనియాజిడ్ అనే టీబీ మందు మొదలుపెట్టి నెల దాటాకే ఇంజెక్షన్ ఇచ్చారు. అన్నట్టు, టీఎన్‌ఎఫ్‌ను అడ్డుకునే ఈ వైద్యాన్ని 1992లో లండన్ చేరింగ్ క్రాస్ ఆసుపత్రిలో మొదట పరీక్షించిన ఇద్దరిలో రవీందర్ మైనీ పుట్టింది మన లూధియానాలో. రెండో ఆయన మార్క్ ఫెల్డ్‌మన్.

ఇక తగ్గించే సంగతి. టీ కణం అనే ఒక రకం తెల్లకణం పూర్తిగా పనిలోకి దిగాలంటే రెండు సంకేతాలు అందాలి. డెండ్రైటిక్ కణం అనే మరో రోగనిరోధక కణం చూపించే క్రిమి ముక్క మొదటిది. ఆ కణం మీది సీడీ80, సీడీ86 ప్రొటీన్లు టీ కణం మీది సీడీ28కి తగలడం రెండోది. మొదటిదొక్కటే అందితే టీ కణం మొద్దుబారిపోతుంది. రెండూ అంది పని మొదలయ్యాక, అదే టీ కణం సీటీఎల్‌ఏ-4 అనే బ్రేకును పైకి తెస్తుంది. అది సీడీ80, సీడీ86లను సీడీ28 కంటే గట్టిగా పట్టేసుకోవడంతో రెండో సంకేతం అందకుండా పోతుంది. అంటే రెచ్చిపోయిందీ, తగ్గిందీ ఒకే కణం. అదుపు చేయడమే పనిగా ఉన్న రెగ్యులేటరీ టీ కణాలు కూడా ఉన్నాయి. 2025 వైద్య నోబెల్ వాటికి సంబంధించిన పనికే, సకగుచి, బ్రంకో, రామ్స్‌డెల్‌లకు వచ్చింది.

నాకు అన్నిటికంటే వింతగా తోచింది మందుల సంగతి. అబాటసెప్ట్ అనే మందులో ఉన్నది సీటీఎల్‌ఏ-4 బయటి భాగమే, టీ కణాలకు రెండో సంకేతం అందనివ్వదు కాబట్టి ఆర్థరైటిస్‌కు ఇస్తారు. ఇపిలిముమాబ్ అనే మరో మందు అదే సీటీఎల్‌ఏ-4ను పనిచేయనివ్వదు, 2011 నుంచి మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌కు వాడుతున్నారు. దాంతో టీ కణాలు క్యాన్సర్ గడ్డ మీద పడతాయి, ఒక్కోసారి పేగుల మీదా థైరాయిడ్ మీదా కూడా.

ఇదంతా తెలిశాక "ఇమ్యూనిటీ బూస్టర్" పొడులంటే నాకు గౌరవం పోయింది. ఏ కణంలో ఏ సంకేతాన్ని పెంచుతుందో డబ్బా మీద ఎవరూ రాయరు. పైగా అక్క బాధ ఇమ్యూనిటీ చాలక వచ్చింది కాదు.

మీ ఇంట్లో ఎవరైనా టీఎన్‌ఎఫ్ ఇంజెక్షన్ల మీద ఉంటే, విడవని దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం కనిపిస్తే వెంటనే డాక్టరుకు చెప్పండి. ఏ టీకా వేయించే ముందైనా ఈ మందు పేరు చెప్పాలి. బతికున్న క్రిములతో చేసే టీకాలు వీళ్లకు సాధారణంగా వేయరు.