కంటికి కనపడని పెట్టుబడి అంటోంది మా అమ్మాయి, ఆ చదువుతో ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: నేను స్టీల్‌ప్లాంటులో బ్లాస్ట్‌ఫర్నేస్ దగ్గర ఇరవై ఎనిమిదేళ్లుగా పని చేస్తున్నాను. మేం గాజువాకలో ఉంటాం. మా అమ్మాయి బీఎస్సీ స్టాటిస్టిక్స్ ఆఖరి ఏడాది చదువుతోంది. ఎంఏ ఎకనామిక్స్ చేస్తానంటోంది. కాలేజీలో ఏదో సెమినారుకి వెళ్లొచ్చిన దగ్గర్నుంచి 'కనపడని పెట్టుబడి' అనే మాటే పట్టుకుంది. దేశం ఎదిగేది ఉక్కుతో, సిమెంటుతో, రోడ్లతో అని నమ్మినవాణ్ణి నేను. కనపడని దానిమీద చదువేంటి, దానికి ఉద్యోగం ఎవరిస్తారు? బ్యాంకు కోచింగ్‌లో చేర్చాలా, లోను తీసి ఎంబీఏ చేయించాలా? గూగుల్ కూడా వైజాగ్ వస్తోందంటున్నారు కదా. నాకు చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: అయ్యా, ముందు మీ పని గురించే మాట్లాడుకుందాం. ట్యాప్‌హోల్ (ఫర్నేసు అడుగున ఉండే రంధ్రం) తెరిచాక రన్నర్ కాలవలో హాట్‌మెటల్, అంటే కరిగిన ఇనుము, పారుతుంటే, పైకి లేచే నిప్పురవ్వల తీరు చూసి సిలికాన్ ఎక్కువుందో తక్కువుందో ల్యాబ్ రిపోర్టు రాకముందే చెప్పేవాళ్లు మీ సెక్షన్లో ఉంటారు. ఇన్నేళ్ల సర్వీసు ఉంది కాబట్టి బహుశా మీరే ఆ మనిషి అయ్యుంటారు. ఆ చూపు ఏ షాపులోనూ దొరకదు. మీ సీనియర్ల పక్కన నిలబడి ఆ వేడిలో ఏళ్ల తరబడి నేర్చుకున్నారు. నేర్చుకునే రోజుల్లో కూడా సంస్థ మీకు జీతమిచ్చింది, ట్రైనింగు ఇచ్చింది, మీ పొరపాట్లనూ భరించింది.

గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని మీరు పిలుచుకునే ఆ మూడు ఫర్నేసులూ లెక్కల పుస్తకాల్లో ఆస్తులుగా ఉంటాయి. ఏటా అవి అరిగినంత మేర విలువ తగ్గించి తరుగుదల కడతారు. మీ చూపుకి ఆ పుస్తకంలో చోటు లేదు. మీ ట్రైనింగు ఖర్చు ఏ ఏటికా ఏడు మామూలు ఖర్చుల్లో కలిసిపోతుంది. కానీ మీరు, మీలాంటి అనుభవజ్ఞులందరూ ఒకేసారి సెలవు పెడితే ఆ ఫర్నేసుల దగ్గర ఏమవుతుందో నాకంటే మీకే బాగా తెలుసు. ఇలా నేర్పుమీద, ఆలోచనలమీద, పేరుమీద పెట్టే డబ్బునే కనపడని పెట్టుబడి అంటారు. మీ అమ్మాయి చదవాలనుకుంటున్నది సరిగ్గా ఈ విషయం గురించే.

ఈ రంగంలో పునాది లెక్కలు వేసింది ముగ్గురు అమెరికన్ ఆర్థికవేత్తలు: క్యారల్ కొరాడో, చార్లెస్ హల్టెన్, డేనియల్ సికెల్. 2005 నుంచి వాళ్లు రాసిన పరిశోధన పత్రాల్లో కనపడని పెట్టుబడిని మూడు రకాలుగా విడదీశారు. సాఫ్ట్‌వేర్, డేటాబేసులు మొదటి రకం. పరిశోధన, డిజైను, పేటెంటు అయ్యే ఆలోచనలు, కళాసృష్టి రెండోది. ఉద్యోగుల శిక్షణ, బ్రాండు పేరు, సంస్థ తన పనిని అమర్చుకునే తీరు మూడోది. 1990ల ఆఖరుకల్లా అమెరికా కంపెనీలు వీటి మీద పెడుతున్న డబ్బు, యంత్రాలమీద, భవనాలమీద పెడుతున్న డబ్బుకి దాదాపు సమానమైందని వాళ్ల లెక్కల్లో తేలింది. అప్పటిదాకా ఆ సొమ్ములో చాలాభాగం ఎవరి లెక్కలోనూ పెట్టుబడిగా లేదు.

మన దగ్గర ఇది ఎలా ఉంటుందో చూడాలంటే ఒకసారి అమ్మాయిని లక్క బొమ్మల ఊరు ఏటికొప్పాక తీసుకెళ్లండి. వరాహ నది ఒడ్డున, గాజువాక నుంచి ఒక్కపూటలో వెళ్లి రావచ్చు. అక్కడ లేత్ మీద అంకుడు కర్ర గిరగిర తిరుగుతుంటే కళాకారుడు రంగు లక్క కడ్డీని దానికి ఆనిస్తాడు. ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. ఆ తర్వాత మొగలి ఆకుతో రుద్దితే మెరుపు వస్తుంది. ఎంత గట్టిగా అదమాలి, ఎప్పుడు చెయ్యి తియ్యాలి అన్నది అతని వేళ్లకే తెలుసు. నేను మొదటిసారి చూసినప్పుడు కడ్డీని కాస్త ఎక్కువసేపు ఆనిస్తే ఏమవుతుందని అడిగాను. ఆయన మాట్లాడకుండా చేసి చూపించాడు, రంగు ముద్దకట్టి ఆ బొమ్మ పాడైపోయింది. అక్కడి లేత్‌కి, కర్రకి, లక్కకి ధర కట్టడం సులువు. చెట్ల గింజల నుంచి, బెరడు నుంచి, వేళ్ల నుంచి సహజ రంగులు తీసే పద్ధతులమీద ఏళ్లకేళ్లు పెట్టిన శ్రమకి ధర కట్టడమే కష్టం. ఆ రంగులమీద పని చేసిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. అంతకుముందే, 2017లో, ఆ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. ఊరి పేరే ఆస్తిగా చట్టంలోకి ఎక్కిందన్నమాట. అరకు కాఫీకి అదే గుర్తింపు 2019లో దక్కింది. కొండమీద కాఫీ మొక్క ఎప్పట్నుంచో ఉంది. పండిన ఎర్ర కాయలే ఏరడం, వాటిని ఆరబెట్టే పద్ధతి, రుచి చూసి గ్రేడు కట్టడం, ఒక పేరు నిలబెట్టడం రైతులు, సంస్థలు కలిసి చేసిన పని. 2017లో పారిస్‌లో అరకు పేరుతో కాఫీ షాపు తెరవగలిగారంటే, గింజతో పాటు ఆ పని కూడా అక్కడిదాకా వెళ్లబట్టే.

ఇక దేశం సంగతి. మీ నమ్మకం తప్పని నేననను. ఉక్కు లేకుండా రైలు పట్టా లేదు, ఓడ లేదు. అయితే 1957లో రాబర్ట్ సోలో అనే ఆర్థికవేత్త ఒక లెక్క వేశాడు. అమెరికాలో 1909 నుంచి 1949 వరకు గంట పనికి వచ్చే ఉత్పత్తి సుమారు రెట్టింపైంది. యంత్రాలు పెరగడం వల్ల వచ్చింది అందులో ఎనిమిదో వంతే, మిగతా ఏడు వంతులూ పని చేసే తీరు మెరుగవడం వల్ల వచ్చాయని తేల్చాడు. 1987లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఆ ఏడు వంతుల్లో ఏముందో విప్పి చూడాలన్న ప్రయత్నమే ఇప్పుడు మీ అమ్మాయి పట్టుకున్న సబ్జెక్టు.

ఈ పెట్టుబడికి కొన్ని చిత్రమైన గుణాలున్నాయి. ఒక ఫర్నేసు ఒకచోటే పని చేస్తుంది, ఒక సాఫ్ట్‌వేర్ వెయ్యిచోట్ల ఒకేసారి పని చేసినా అరగదు. అందుకే ఇది దేశాన్ని తొందరగా పైకి లేపగలదు. రెండో వైపు చూస్తే, ఫ్యాక్టరీ మూతపడితే మిషన్ని తుక్కు కిందైనా అమ్ముకోవచ్చు, ఇచ్చిన ట్రైనింగుని తిరిగి రాబట్టుకోలేం. మధురవాడలో రెండొందల గజాల స్థలం కాగితాలు పట్టుకెళ్తే బ్యాంకులో కుర్చీ వేస్తారు. పదిమంది పిల్లలు మూడేళ్లు కష్టపడి రాసిన ప్రోగ్రాము పట్టుకెళ్తే తాకట్టుకి ఏముందని అడుగుతారు. రుషికొండ ఐటీ కొండల మీద చిన్న కంపెనీలు పెట్టుకున్న కుర్రాళ్ల దగ్గర ఈ బాధ నేను చాలాసార్లు విన్నాను. పైగా ఒకరు కనిపెట్టింది పదిమంది చూసి నేర్చుకుంటారు. అది దేశానికి లాభం, డబ్బు పెట్టినవాడికి బెంగ. ఆ బెంగతో కంపెనీలు పెట్టాల్సినంత పెట్టవు, అందుకే ఇక్కడ ప్రభుత్వం చెయ్యి వెయ్యాల్సి వస్తుంది.

మనం ఇందులో వెనకబడి ఉన్నాం. ఇది నన్ను నిజంగా బాధపెట్టే విషయం. 2020-21 లెక్కల ప్రకారం పరిశోధనమీద మన దేశం మొత్తం పెట్టే ఖర్చు జీడీపీలో 0.64 శాతం. చైనాలో అది 2.4 శాతం పైన, దక్షిణ కొరియాలో 5 శాతానికి దగ్గర. మనకు తెలివైన పిల్లలు లేక కాదు, డబ్బు పెట్టే చేతులు తక్కువ. ఆ లోటు పూడ్చడానికే 2023లో అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్ చట్టం తెచ్చారు, 2025 జులైలో లక్ష కోట్ల రూపాయల పరిశోధన నిధికి కేంద్ర కేబినెట్ ఆమోదం తెలిపింది. ఈ డబ్బు ఎటు వెళ్లింది, దాంతో ఏం పెరిగింది అని కొలవగలిగే మనుషులు కావాలి. అలాంటివాళ్లు మన దగ్గర చాలా తక్కువమంది ఉన్నారు.

గూగుల్ సంగతి అడిగారు. 2025 అక్టోబరులో వాళ్లు ప్రకటించింది ఐదేళ్లలో 15 బిలియన్ డాలర్లు. మంచి కబురే. అయితే అందులో పెద్ద భాగం భవనాలు, సర్వర్లు, కరెంటు, సముద్రం అడుగున కేబుళ్లు. అంటే కంటికి కనపడేదే. డేటా సెంటరు కట్టేటప్పుడు చాలామందికి పని దొరుకుతుంది, నడిచేటప్పుడు తక్కువమంది చాలు. దాని చుట్టూ డిజైను, పరిశోధన, సాఫ్ట్‌వేర్ పని మన ఊళ్లో ఎంత పెరుగుతుందన్నదే అసలు ప్రశ్న. కాబట్టి గూగుల్ పేరు చూసి ఏ కోర్సులోనూ చేర్చకండి.

ఇప్పుడు ఉద్యోగం మాట. 'కనపడని పెట్టుబడి నిపుణులు కావలెను' అని పేపర్లో ప్రకటన రాదు. ఇది మీకు ముందే చెప్పాలి. ఈ చదువు వేరే పేర్లున్న ఉద్యోగాల్లో పనికొస్తుంది. మీరు బ్యాంకు అన్నారు కాబట్టి అక్కడినుంచే మొదలుపెడతాను. రిజర్వు బ్యాంకులో గ్రేడ్-బి ఆఫీసర్లలో మామూలు జనరల్ పోస్టులతో పాటు ఆర్థిక పరిశోధన విభాగానికి, స్టాటిస్టిక్స్ విభాగానికి విడిగా పోస్టులుంటాయి. మొదటిదానికి ఎకనామిక్స్‌లో, రెండోదానికి స్టాటిస్టిక్స్‌లో, లేదా వాటికి దగ్గరి సబ్జెక్టుల్లో పీజీ ఉండాలి. యూపీఎస్సీ పెట్టే ఇండియన్ ఎకనామిక్ సర్వీసుకి ఎకనామిక్స్ పీజీ కావాలి. ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీసుకి స్టాటిస్టిక్స్ ఉన్న డిగ్రీ చాలు, అంటే మీ అమ్మాయికి 21 నిండి, డిగ్రీ చేతికొస్తే అర్హత వచ్చేసినట్టే. జీడీపీలో పరిశోధన ఖర్చుని పెట్టుబడిగా చూపించే పద్ధతి మన దేశంలో 2011-12ను ఆధార సంవత్సరంగా తీసుకుని 2015 జనవరిలో విడుదల చేసిన కొత్త జీడీపీ లెక్కలతో వచ్చింది. అలాంటి లెక్కలు కట్టేది ఈ సర్వీసుల్లోని మనుషులే. శిక్షణ ఖర్చు, బ్రాండు ఖర్చు ఇప్పటికీ జీడీపీలో పెట్టుబడి కిందికి రావు. మీ అమ్మాయి సర్వీసులో చేరేనాటికి ఆ పని ఇంకా మిగిలే ఉంటుందని నా అంచనా.

ప్రైవేటులో అయితే ఆడిట్, వాల్యుయేషన్ సంస్థలున్నాయి. ఒక కంపెనీని ఇంకో కంపెనీ కొన్నప్పుడు బ్రాండుకి, పేటెంటుకి, కస్టమర్ల జాబితాకి ధర కట్టాలి. ఇక్కడ అకౌంట్స్ రాకపోతే నడవదు. అందుకే అమ్మాయిని ఈ సెలవుల్లో ఇండ్ ఏఎస్ 38 అనే అకౌంటింగ్ ప్రమాణాన్ని కూర్చుని చదవమనండి. కంపెనీ తనంతట తాను పెంచుకున్న బ్రాండుని ఆస్తిగా చూపకూడదని, అదే బ్రాండుని బయట కొంటే చూపవచ్చని అందులో ఉంటుంది. ఎందుకలా అని ఆ పిల్లకి అనుమానం వచ్చి మిమ్మల్ని విసిగిస్తే, ఈ దారి ఆమెకు నప్పినట్టే. చదివి పక్కన పడేస్తే మళ్లీ ఆలోచిద్దాం.

కాబట్టి నా మాట ఇది: ఎకనామిక్స్‌లో చేరనివ్వండి, కానీ స్టాటిస్టిక్స్ వదలనివ్వకండి. ఈ విషయమ్మీద ఉపన్యాసాలు చెప్పేవాళ్లు బోలెడంతమంది ఉన్నారు, కొలిచేవాళ్లకే కరువు. ఎంట్రన్సుల సంగతికొస్తే, ఆంధ్రా యూనివర్సిటీకి ఏపీ పీజీసెట్, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి, ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌కి సీయూఈటీ పీజీ, కొన్ని ఐఐటీలకు జామ్ అనే పరీక్షలో ఎకనామిక్స్ పేపరు ఉన్నాయి. ముంబైలో రిజర్వు బ్యాంకు నెలకొల్పిన ఇందిరాగాంధీ అభివృద్ధి పరిశోధన సంస్థకి విడిగా పరీక్ష ఉంటుంది. లెక్కలు బాగా వచ్చిన పిల్లలకి ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ల ఎంఎస్ క్వాంటిటేటివ్ ఎకనామిక్స్ అన్నిటికంటే మంచిదని నేనంటాను. బీఎస్సీలో కాల్‌క్యులస్, లీనియర్ ఆల్జీబ్రా గట్టిగా ఉంటే చాలావరకు గట్టెక్కినట్టే.

లోను తీసి ఎంబీఏ మాత్రం ఇప్పుడొద్దు. ఇన్నొవేషన్ మేనేజిమెంటు, ఐపీ (మేధోసంపత్తి) మేనేజిమెంటు అని లక్షలు వసూలు చేసే సర్టిఫికెట్ కోర్సులూ వద్దు. అలాంటి దాంట్లో డబ్బు కట్టి, ఏడాది తర్వాత సర్టిఫికెట్ పట్టుకుని నా దగ్గరికొచ్చిన పిల్లలున్నారు. వాళ్లకి ఏం చెప్పాలో నాకు పాలుపోలేదు. ఆమెకు చట్టం వైపు మనసుంటే పేటెంట్ ఏజెంట్ పరీక్ష ఉంది. దాన్ని సైన్స్, ఇంజినీరింగ్ లేదా టెక్నాలజీ డిగ్రీతో 21 ఏళ్లు నిండినవాళ్లు రాయొచ్చు. దానికి ఏ కోర్సూ తప్పనిసరి కాదు.

చివరగా ఒక చిన్న పని. ఈ ఆదివారం మీరిద్దరూ కాగితం ముందేసుకుని కూర్చోండి. మీ సెక్షన్లో కొత్తగా చేరిన కుర్రాడు ఒంటరిగా ఒక కాస్ట్ (ఫర్నేసు నుంచి కరిగిన ఇనుమును ఒకసారి బయటికి తీసే పని) చూసుకునే స్థాయికి రావడానికి ఎన్ని నెలలు పడుతుంది, ఆ నెలల జీతం ఎంత, అతని పక్కన నిలబడే సీనియర్ టైము విలువ ఎంత, మధ్యలో జరిగే నష్టం ఎంత అని మీరు చెప్పండి, ఆమెను రాయమనండి. మీరు బయటపెట్టకూడని సంస్థ అంకెలు వద్దు, ఉజ్జాయింపు చాలు. ఆ నేర్పు ఎన్నేళ్లు నిలుస్తుంది, ఏటా ఎంత అరుగుతుంది అన్నది ఆమెనే తేల్చమనండి. ఆ కాగితం, డిగ్రీ మార్కుల మెమోలు తీసుకుని వచ్చే నెల ఇద్దరూ కలిసి రండి. ఏ ఎంట్రన్సుకి ఎన్ని నెలలు చదవాలో అప్పుడు దాన్ని చూసే ప్లాన్ వేద్దాం.