జర్మన్ వెర్బ్‌ల దగ్గర ఆగిపోయాను, వదిలేయనా?

ప్రశ్న: మాది టెక్కలి దగ్గర పల్లెటూరు. బీఎస్సీ నర్సింగ్ చేసి, పలాసలో డయాలసిస్ వార్డులో పనిచేస్తున్నాను. జర్మనీ వెళ్లాలని ఆన్‌లైన్‌లో ఏ1 (మొదటి స్థాయి) క్లాసులు వింటున్నాను. మామూలు వెర్బ్‌లు వచ్చాయి గానీ రూల్‌కు లొంగని వెర్బ్‌ల దగ్గర చతికిలబడ్డాను. చార్ట్ బట్టీ పట్టినా, మాట్లాడబోతే తడబడుతున్నాను. ‘అక్కడికెళ్తే భాష అదే వస్తుంది, ముందు డబ్బు కట్టండి’ అని ఏజెంటు అనడంతో నాన్న అటే మొగ్గుతున్నారు. నాకు ఈ భాష వంటబట్టదేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: వదిలేయాల్సిన పనేమీ లేదమ్మా. నువ్వు బట్టీ పడుతున్నది పుస్తకం చివర మూడు వరసల్లో ఉండే పెద్ద పట్టీ అయితే మాత్రం దాన్ని ఇప్పుడు పక్కన పెట్టు. అది ముఖ్యంగా భూతకాలం కోసం. వెళ్లడానికి గేయెన్, రావడానికి కొమ్మెన్, తాగడానికి ట్రింకెన్ అన్నీ ఆ పట్టీలో కనిపించి భయపెడతాయి. వర్తమానంలో మాత్రం బుద్ధిగా మామూలు రూల్ ప్రకారమే నడుస్తాయి: ఏర్ (అతను) గేట్, ఏర్ కొమ్ట్, ఏర్ ట్రింక్ట్. (తెలుగులో రాస్తున్నాను కాబట్టి ఉచ్చారణ ఇంచుమించుగానే ఉంటుంది. ఆడియో విని సరిచేసుకో.)

ఇక నిజంగా మారేవాటి సంగతి. ‘ఇవ్వడం’ అనే గేబెన్‌నే తీసుకో. ఇహ్ (నేను) గేబె, వీర్ (మేము) గేబెన్, ఈర్ (మీరంతా) గేప్ట్... వీటిలో వింతేమీ లేదు. డూ (నువ్వు) గిప్‌స్ట్, ఏర్ గిప్ట్ అన్న రెండు చోట్లే లోపలి అచ్చు మారింది. ఆరు గళ్లలో రెండే. తక్కిన వెర్బ్‌లూ ఇంతే: నేమెన్ (తీసుకోవడం) నిమ్ట్ అవుతుంది, జేయెన్ (చూడటం) జీట్ అవుతుంది, ష్లాఫెన్ (నిద్రపోవడం) ష్లేఫ్ట్ అవుతుంది. ‘మీరంతా’ అనే ఈర్ దగ్గర చాలామంది ‘ఈర్ గిప్ట్’ అనేస్తారు. అక్కడ అచ్చు మారదు, గుర్తుపెట్టుకో. అలాగని లోపల ‘ఆ’ ఉన్న వెర్బ్ ప్రతిదీ మారుతుందనీ కాదు. ‘చెప్పడం’ అనే జాగెన్ మారదు. అందుకే నోట్‌బుక్‌లో వెర్బ్‌ను ఒంటరిగా రాయకు. నేమెన్–నిమ్ట్, హెల్ఫెన్ (సాయం చేయడం)–హిల్ఫ్ట్ అని జంటగా రాసి, జంటగానే పైకి చదువు. ‘ఏర్’ రూపం వస్తే ‘డూ’ రూపం దాన్నుంచే వస్తుంది: నిమ్ట్ నుంచి నిమ్స్ట్, హిల్ఫ్ట్ నుంచి హిల్ఫ్‌స్ట్. జైన్ (ఉండటం), హాబెన్ (కలిగి ఉండటం), వేర్డెన్ (అవడం) అనే మూడింటికి మాత్రం బట్టీ తప్పదు.

నర్సువి కాబట్టి నీకు ఇంకో వెసులుబాటు ఉంది. పేషెంటుతో నేరుగా మాట్లాడేటప్పుడు మనం ‘మీరు’ అన్నట్టే వాళ్లు ‘జీ’ అంటారు. ఆ ‘జీ’ పక్కన, ఒక్క జైన్ తప్ప, వెర్బ్ నిఘంటువులో ఉన్నట్టే ఉంటుంది. ‘బాగా నిద్రపడుతోందా?’ అని అడగాలంటే ‘ష్లాఫెన్ జీ గూట్?’ అంతే, ఏ మార్పూ లేదు. అచ్చు మారేది ఆ పేషెంటు గురించి డ్యూటీ మారేటప్పుడు చెప్పాల్సి వచ్చినప్పుడు: ‘ఏర్ ష్లేఫ్ట్ ష్లెహ్ట్’, సరిగ్గా నిద్రపోవడం లేదు. ‘ఏర్ నిమ్ట్ డీ టాబ్లెట్టె’, మాత్ర వేసుకుంటున్నాడు. అంటే వార్డులో నీకు రోజూ కావాల్సిన కష్టమైన గడి ఒక్కటే, ఏర్/జీ (అతను/ఆమె) గడి. ఈ ‘జీ’ వేరు, ‘మీరు’ అనే ‘జీ’ వేరు. ముందు అదొక్కటి గట్టిచేసుకో. ‘తింటున్నాడు’ అనే ఇస్ట్, ‘ఉన్నాడు’ అనే ఇస్ట్ రెండూ చెవికి ఒకేలా వినిపిస్తాయి. వాక్యాన్ని బట్టి పోల్చుకోవాలి.

మీ డయాలసిస్ వార్డుకు పనికొచ్చే వాక్యం ఒకటి చెబుతాను: ‘ఏర్ డార్ఫ్ నిహ్ట్ ఫీల్ ట్రింకెన్’. నీళ్లు ఎక్కువ తాగకూడదు అని. ఈ డార్ఫ్‌కు చివర ‘ట్’ రాదు. క్యోనెన్ (చేయగలగడం) నుంచి కన్, మ్యుస్సెన్ (చేసి తీరాల్సి రావడం) నుంచి ముస్ కూడా ఇంతే. ‘నేను’కూ ‘అతను’కూ ఒకటే రూపం: ఇహ్ ముస్, ఏర్ ముస్. ఈ గుంపు చిన్నది, వాడకం మాత్రం విపరీతం.

రోజూ డ్యూటీ అయ్యాక ఆ రోజు చూసిన ఇద్దరు పేషెంట్ల గురించి, పేర్లు లేకుండా, జర్మన్‌లో నాలుగేసి వాక్యాలు పైకి చెప్పు. ఫోన్‌లో రికార్డు చేసుకుని విను. ఇంట్లో తాతగారు మాత్ర వేసుకుంటుంటే అదీ చెప్పు. మనం ‘వస్తాడు’ అంటే చాలు, ‘అతను’ అనక్కర్లేదు. ఆ అలవాటుతో మనవాళ్లు జర్మన్‌లోనూ ఏర్, ఇహ్ మింగేస్తుంటారు. అక్కడ అది తప్పు. చార్ట్ చూసి చదివినంత కాలం నోరు తిరగదు, ఎందుకంటే చార్ట్‌లో నువ్వు ఎవరి గురించీ మాట్లాడటం లేదు.

ఇక ఏజెంటు మాట. జర్మనీలో నర్సుగా గుర్తింపు రావాలంటే సాధారణంగా బీ2 స్థాయి, అంటే ఏ1 నుంచి లెక్కిస్తే నాలుగో మెట్టు, కావాలి. అక్కడికి వెళ్లాక నేర్చుకునేది ఉంటుంది, నిజమే. కానీ వీసా దశలోనే భాష సర్టిఫికెట్ అడుగుతారు. ఏ1లో ఉన్న అమ్మాయి దగ్గర ఉద్యోగం పేరుతో డబ్బు తీసుకునేవాళ్లను నేనైతే నమ్మను. నాన్నగారిని కూర్చోబెట్టి, ఆ ఏజెంటు లైసెన్స్ నంబరు విదేశాంగ శాఖ వారి ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఉందో లేదో చూపించు. లైసెన్స్ ఉన్నవాళ్లయినా సర్వీస్ చార్జీగా 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ మించి తీసుకోకూడదు. లక్షల్లో అడుగుతుంటే నాన్నగారికే విషయం అర్థమవుతుంది.

ఆ డబ్బులో కొంత పరీక్ష ఫీజుకు పక్కన పెట్టమను. హైదరాబాద్‌లోని జర్మన్ భాషా కేంద్రం గోథె సెంట్రమ్‌లో ఏ1 పరీక్ష తేదీలు చూసి, మీ వార్డులో సెలవు దొరికే వారానికి సరిపోయే తేదీ ఎంచుకో. ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ పలాసలో ఆగుతుంది కాబట్టి ప్రయాణం పెద్ద ఇబ్బంది కాదు.