పుంట్ ఓడలు ఎర్ర సముద్రానికి ఎలా చేరాయంటే

నైలు మధ్యధరా సముద్రంలో కలుస్తుంది కదా, మరి ప్రాచీన ఈజిప్టు రాణి హత్షెప్సుత్ పుంట్ అనే దేశానికి పంపిన ఓడలు ఎర్ర సముద్రంలోకి ఎలా వెళ్లాయని మీ అమ్మాయి ప్రాజెక్టు కోసం అడిగారు. మ్యాపులో కాలువ గీయకండి, అక్కర్లేదు. నైలు ఒడ్డున చేసిన ఓడల్ని చెక్కలుగా విప్పి, నైలు ఒడ్డునే ఉన్న కోప్టోస్ ఊరి వైపు నుంచి ఎడారి దాటించి, సముద్రం దగ్గర మళ్లీ బిగించేవారు. ఇది వట్టి ఊహ కాదండీ. ఎర్ర సముద్రం ఒడ్డున మెర్సా గవాసిస్ అనే చోటి గుహల్లో దేవదారు ఓడ చెక్కలు, చుట్టలు చుట్టి పెట్టిన తాళ్లు, "పుంట్ అద్భుతాలు" అని రాసిన పెట్టెలు బయటపడ్డాయి. పెట్టెలు మాత్రం హత్షెప్సుత్ కంటే సుమారు 300 ఏళ్లు పాతవి.

పుంట్ దగ్గర చుక్క పెట్టొద్దు, కచ్చితమైన చోటు ఇంకా తేలలేదు. ఎరిత్రియా, ఇథియోపియా, సోమాలియా వైపు లేతగా రంగు వేయించండి. డెయిర్ ఎల్-బహ్రీలోని హత్షెప్సుత్ గుడి గోడల మీద ఉన్న 5 ఓడలు, వేళ్లతో సహా బుట్టల్లో మోసుకొచ్చిన ధూపం చెట్లు కూడా గీయిస్తే టీచర్ మెచ్చుకుంటారు.