పెద్ద పండగ టికెట్లకు పర్సనల్ లోన్ తీసుకోవచ్చా?

ప్రశ్న: మాది ఆమదాలవలస, మా ఆవిడది విజయనగరం. ఇద్దరం బెంగళూరులో ఉద్యోగాలు చేస్తున్నాం. పిల్లలకు ఏడేళ్లు, మూడేళ్లు. ఇద్దరి జీతాలూ కలిపి చేతికి 1,15,000 వస్తుంది. అద్దె, స్కూలు ఫీజులు, ఇంటి ఖర్చులు 80,000. ఊళ్లో అమ్మానాన్నలకు 10,000 పంపిస్తాను. దసరాకు వచ్చి విజయనగరం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం చూసుకుని వెళ్లడం, సంక్రాంతి, వేసవి సెలవులు. ఇలా ఏడాదికి మూడుసార్లు నలుగురం విమానంలో వచ్చి వెళ్తాం. పోయిన ఏడాది టికెట్లకు దసరాకు 68,000, సంక్రాంతికి 88,000, వేసవికి 44,000 అయింది. ఇవి కాక సంక్రాంతి తర్వాత తిరుగు విమానం ఏడు గంటలు ఆలస్యమన్నారు. మర్నాడు ఆఫీసు ఉండటంతో అప్పటికప్పుడు మనిషికి 12,000 పెట్టి వేరే విమానం ఎక్కాం. ఇప్పుడు క్రెడిట్ కార్డు బాకీ 1,40,000 ఉంది. నెలకు మినిమం 7,000 కడుతున్నాను. సేవింగ్స్ ఖాతాలో 60,000 ఉంది. నాన్నకు 66 ఏళ్లు, షుగర్ ఉంది. బ్యాంకువాళ్లు 3 లక్షల పర్సనల్ లోన్ ఇస్తామంటున్నారు. దాంతో కార్డు తీర్చేసి, మిగిలిన డబ్బుతో దసరాకు, సంక్రాంతికి ఇప్పుడే టికెట్లు కొనేస్తే చవకగా వస్తాయి కదా? (పేరు రాయవద్దన్నారు)

జవాబు: 3 లక్షల లోన్ తీసుకోకండి. టికెట్ల కోసం ఒక్క రూపాయి కూడా అప్పు చేయకండి.

దసరా అయిన నెలలో, సంక్రాంతి అయిన నెలలో ఇక్కడ విజయనగరంలో నా దగ్గరికి కార్డు స్టేట్‌మెంట్లు పట్టుకుని వచ్చేవాళ్లు ఎక్కువ. కొందరు తామే వస్తారు, కొందరి తరఫున తండ్రులు వస్తారు. ఊళ్ల పేర్లు మారతాయి, లెక్క మాత్రం మీదే. అందుకే మీ ఉత్తరానికి వివరంగా జవాబు రాస్తున్నాను.

ముందు మీ లెక్క చూద్దాం. మూడు ప్రయాణాల టికెట్లు కలిపితే 2 లక్షలు. విశాఖ విమానాశ్రయం నుంచి మీ ఊరు వంద కిలోమీటర్ల పైచిలుకు. ట్యాక్సీకి 3,000 చొప్పున రానూపోనూ మూడుసార్లకు 18,000 వేసుకోండి. మొత్తం 2,18,000, అంటే నెలకు 18,000 పైనే. మీకు ఖర్చులు పోగా మిగిలేది 25,000. అందులో కార్డుకు 7,000 పోతే చేతిలో ఉండేది 18,000. ఇద్దరూ ఏడాదంతా కష్టపడి మిగుల్చుకున్నది మూడు ప్రయాణాలకే చాలడం లేదు. ఆ రోజు అప్పటికప్పుడు కొన్న 48,000 టికెట్లు ఈ లెక్కలో లేనే లేవు.

ఇక ఆ 7,000 సంగతి. నెలకు మూడున్నర శాతం వడ్డీ అనుకుంటే 1,40,000 మీద 4,900. దానిమీద 18 శాతం జీఎస్టీ 882. అంటే మీరు కట్టే 7,000లో 5,782 వడ్డీకీ పన్నుకే పోతోంది. అసలులో తగ్గేది 1,218 మాత్రమే. పైగా పాత బాకీ ఉండగా ఆ కార్డు మీద కొత్తగా ఏం కొన్నా, కొన్న రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. మినిమం కడుతున్నాను కాబట్టి ఇబ్బంది లేదనుకోవడం చాలామంది చేస్తున్న పొరపాటు. దయచేసి ఈ నెల స్టేట్‌మెంట్ తీసి వడ్డీ అన్న వరుస ఇద్దరూ కలిసి చూడండి.

కార్డు బాకీని మాత్రం లోన్‌గా మార్చుకోవచ్చు, మార్చుకోవాలి కూడా. 1,40,000కే తీసుకోండి. 14 శాతం వడ్డీకి రెండేళ్లకు పెట్టుకుంటే నెలకు సుమారు 6,720 పడుతుంది. ఇప్పుడు కడుతున్న మినిమం కంటే తక్కువ, రెండేళ్లకు బాకీ పూర్తిగా తీరుతుంది. అదే 3 లక్షలు తీసుకుంటే నెలకు 14,400. నాలుగు రోజుల పండగకు వెళ్లొచ్చిన టికెట్ల బాకీ రెండేళ్లు కట్టాలి. ఆ రెండేళ్లలో ఇంకో రెండు పెద్ద పండగలు వస్తాయి. వాటికి ఇంకో లోనా? టికెట్ బుక్ చేసేటప్పుడు ‘ఇప్పుడు ఎగరండి, తర్వాత కట్టండి’ అని కనిపించే ఆఫర్లు, ఐదు నిమిషాల్లో డబ్బు వేస్తామనే యాప్‌లు అసలు ముట్టుకోకండి. ఈ విషయంలో నాకు ఓపిక లేదు. ఆ యాప్‌ల వల్ల ఇంటిల్లిపాదీ నిద్రలేకుండా గడిపిన కుటుంబాలను దగ్గరగా చూశాను. మైళ్లు, అంటే టికెట్లకు వాడుకునే పాయింట్లు వస్తాయని విమాన కంపెనీల కార్డు తీసుకోవడమూ ఇప్పుడు వద్దు. బాకీ ఉన్నవాడికి మైళ్ల కన్నా వడ్డీయే ఎక్కువ పడుతుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మీ ఉత్తరంలో నన్ను భయపెట్టింది కార్డు బాకీ కంటే ఆ 60,000. వేరే రాష్ట్రంలో ఉద్యోగం, ఊళ్లో షుగర్ ఉన్న తండ్రి. కార్డు లిమిట్ పండగ టికెట్లతో నిండిపోయి ఉంది. రేపు రాత్రి పది గంటలకు ఊరి నుంచి ఫోన్ వస్తే మీ దగ్గర ఏముంది?

ఇది నాకు జరిగింది. అప్పట్లో నేను పుణెలో ఉద్యోగం చేసేవాణ్ని. దసరాకు వచ్చి వెళ్లి మూడు వారాలైంది. నాన్న బాత్‌రూమ్‌లో పడిపోయారని అర్ధరాత్రి తమ్ముడు ఫోన్ చేశాడు. తెల్లవారుజామున విమానం ఉంది. టికెట్ కొనబోతే కార్డులో లిమిట్ లేదు, దసరా టికెట్ల బాకీ అలాగే ఉంది. ఖాతాలో నెలాఖరు డబ్బులు. పక్క ఫ్లాట్ స్నేహితుడిని నిద్రలేపి అతని కార్డు మీద టికెట్ కొన్నాను. నేను ఆస్పత్రికి చేరేసరికి అమ్మ వరండాలో బెంచీ మీద కూర్చుని ఉంది. మెడలో గొలుసు లేదు. డిపాజిట్ కట్టమన్నారని తమ్ముడు పొద్దున్నే షాపు తీయించి తాకట్టు పెట్టాడు. నాన్న కోలుకున్నారు. గొలుసు విడిపించడానికి ఏడు నెలలు పట్టింది. అమ్మ ఏనాడూ ఒక్క మాట అనలేదు. ఆ ఏడు నెలలూ చీర కొంగు మెడ చుట్టూ కప్పుకుని తిరిగింది.

పండగ ఎప్పుడొస్తుందో ఏడాది ముందే తెలుసు. సిరిమాను దసరా తర్వాత వచ్చే మంగళవారమని విజయనగరంలో చిన్నపిల్లలు కూడా చెబుతారు. అలాంటి ఖర్చుకు నెలనెలా దాచుకోవాలి. ఎప్పుడొస్తుందో తెలియని ప్రయాణం ఇంకొకటి ఉంది, దానికి డబ్బు ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి. ఊరికి దూరంగా ఉద్యోగాలు చేసేవాళ్ల అత్యవసర నిధిలో ‘ఇంటికి పరుగు’ అనే భాగం తప్పనిసరి అని నేను అందుకే పట్టుబడతాను. ఇద్దరికి ఆఖరి నిమిషం టికెట్లు, ట్యాక్సీ, ఆస్పత్రిలో మొదట కట్టాల్సిన డిపాజిట్. మీ 60,000 ఈ రోజు నుంచి అదే. కార్డు బాకీకి గానీ, దసరాకు గానీ అందులోంచి తీయకండి.

ఉద్యోగం పోతే ఇల్లు నడవడానికి కావాల్సిన నిధి వేరు. మీ ఇంటి ఖర్చు, కిస్తీ కలిపి ఆరు నెలలకు 5 లక్షలు దాటుతుంది. ఒకేసారి అంత ఎలా అని టెన్షన్ పడకండి. లోన్ మార్చుకున్నాక మిగిలే 18,000లో నెలకు 10,000 దీనికే వేయండి. రెండు నెలల ఖర్చు పోగయ్యేదాకా మ్యూచువల్ ఫండ్లు, బంగారం, ప్లాటు ఏవీ వద్దు.

మిగతా 8,000 ప్రయాణాల ఆర్‌డీ, అంటే బ్యాంకులో నెలనెలా కట్టే డిపాజిట్. ఏడాదికి 96,000. అందులో ఎలా సర్దుకోవాలో చెబుతాను. పెద్ద పండగకు విమానంలోనే రండి. పెద్దలకు బట్టలు పెట్టుకునే రోజు కొడుకు, కోడలు, మనవలు ఇంట్లో ఉండాలి. రైల్లో దాదాపు ఒక రోజు పోతుంది. దొరికే నాలుగు రోజుల సెలవులో రెండు రోజులు దారిలోనే గడపమని నేను చెప్పను. విమానం వల్ల మీ అమ్మగారికి మనవలతో ఇంకో రెండు పూటలు దొరుకుతున్నాయి, దానికి విలువ ఉంది. కానీ భోగి ముందురోజు రావాలి, కనుమ మర్నాడు వెళ్లాలి అంటే అందరూ ఆ సీట్లే కోరతారు, అందుకే ధర పెరుగుతుంది. రెండు రోజులు ముందు రండి, లేదా ముక్కనుమ దాటాక వెళ్లండి. అవసరమైతే ఒక రోజు ఇంటి నుంచే పనిచేసుకుంటానని ఆఫీసులో ముందే అడగండి. 2025 డిసెంబరులో విమానాలు పెద్ద ఎత్తున రద్దైనప్పుడు కేంద్రం కల్పించుకుని 500 నుంచి 1,000 కిలోమీటర్ల దూరానికి టికెట్ ధర 12,000 దాటకూడదంది. అది తాత్కాలికం. ఏటా భోగికి అలాంటి అండ ఉంటుందనుకోకండి. విజయనగరం జిల్లాలోని భోగాపురం విమానాశ్రయం వల్ల మీకు తగ్గేదీ ట్యాక్సీ ఖర్చే.

దసరాకు రైలు. ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ విజయనగరంలోనూ ఆగుతుంది, మీ ఊరి శ్రీకాకుళం రోడ్డు స్టేషన్‌లోనూ ఆగుతుంది. 2024 నవంబరు నుంచి రిజర్వేషన్ 60 రోజుల ముందే మొదలవుతోంది కాబట్టి ఆ తేదీ ఇప్పుడే ఫోన్‌లో పెట్టుకోండి, ఉదయం 8 గంటలకు సిద్ధంగా కూర్చోండి. విమానంలో రెండేళ్లు దాటిన పిల్లలకు సీటు టికెట్ కొనాల్సిందే. రైల్లో ఐదేళ్లలోపు పిల్లలకు బెర్తు అడక్కపోతే టికెట్ అక్కర్లేదు. మీ చిన్నపాప మీ పక్కనే పడుకుంటుంది. థర్డ్ ఏసీలో వచ్చినా దసరాకు మీరు పెట్టిన ఖర్చులో నాలుగో వంతు కాదు. వేసవిలో మీరు రావడం మానేసి అమ్మానాన్నలను బెంగళూరు రప్పించుకోండి. ఆ ఎండల్లో వాళ్లకూ అక్కడ చల్లగా ఉంటుంది.

ఏడు గంటల ఆలస్యం విషయంలో మీరు నష్టపోయారు. ఆరు గంటలు దాటి ఆలస్యమవుతుందని చెప్పినప్పుడు వేరే విమానం గానీ, పూర్తి డబ్బు వాపసు గానీ అడిగే హక్కు విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధనల ప్రకారం మీకుంది. పాత టికెట్ల డబ్బు అడిగినట్టు మీరు రాయలేదు. ఇంకా రాకపోతే ఆలస్యం గురించి వచ్చిన మెసేజ్, టికెట్లు జతచేసి కంపెనీకి ఈమెయిల్ పెట్టండి, స్పందించకపోతే విమాన ప్రయాణికుల ఫిర్యాదుల కోసం ప్రభుత్వం నడిపే ఎయిర్‌సేవలో ఫిర్యాదు చేయండి. జనవరిలో పొద్దుటి విమానాలు పొగమంచుకు ఆలస్యమవుతుంటాయి, మర్నాడే ఆఫీసు ఉన్నప్పుడు అలాంటి టికెట్ కొనకండి.

నాన్నగారికి ఆరోగ్య బీమా ఉందో లేదో మీరు రాయలేదు. మీ కంపెనీ పాలసీలో చేర్చి ఉన్నా, ఉద్యోగంతో పాటే అదీ పోతుంది. 65 దాటితే పాలసీ ఇవ్వరని చాలామంది ఇంకా అనుకుంటున్నారు. 2024 నుంచి ఆ వయోపరిమితి తీసేశారు. షుగర్ లాంటి పాత జబ్బులకు గరిష్ఠంగా మూడేళ్లు ఆగాలి కాబట్టి ఎంత ఆలస్యం చేస్తే అంత వెనక్కి పోతుంది. షుగర్ సంగతి దాచకుండా రాయండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత పాలసీల ప్రీమియం మీద జీఎస్టీ కూడా లేదు. వేసవి ప్రయాణంలో మిగిలే డబ్బు దీనికి పెట్టండి, చాలకపోతే ఆ ఏడాది దసరాకు ఒక్కరే రండి.

ఈ వారంలో ఒక పని చేయండి. ఆ 60,000ను మీ ఇద్దరి పేరు మీద వేరే ఖాతాలో వేయండి. మీ ఊళ్లో అందుబాటులో ఉండే తమ్ముడో, మేనమామో ఎవరో ఒకరికి ఆ డబ్బు ఉందని చెప్పి ఉంచండి. అర్ధరాత్రి ఏం జరిగినా మీరు ఫోన్‌లో పంపేస్తారని, గొలుసు కోసం అమ్మ మెడ వైపు చూడనక్కర్లేదని వాళ్లకు ముందే తెలియాలి.