నొప్పి పోయింది కదా, ఇంక రూట్ కెనాల్ ఎందుకు?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 34 ఏళ్లు. కుడివైపు కింది దవడ పన్ను పుచ్చిపోయి వారం పాటు రాత్రిళ్లు నిద్ర లేదు. ఎక్స్‌రే తీసి రూట్ కెనాల్ చేయాలన్నారు. ఈలోగా ఐదు రోజులకు మాత్రలు ఇస్తే నొప్పి పూర్తిగా పోయింది. పంటి నరం ముట్టుకుంటే చూపు పోతుందని మా అత్తగారు అంటున్నారు. క్యాన్సర్ వస్తుందని మా ఆడపడుచు వాట్సాప్‌లో వీడియో పంపింది. నొప్పే లేనప్పుడు చేయించుకోవాలా? పోనీ పీకించేసుకుంటే గొడవ వదులుతుందా?
- ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: నొప్పి పోయిందని సంతోషంగా ఉన్నారు, నాకు మాత్రం అదే టెన్షన్. పంటి లోపల మెత్తటి గుజ్జు ఉంటుంది, నరమూ సన్నటి రక్తనాళాలూ అందులోనే. పుచ్చు అక్కడిదాకా వెళ్తే గుజ్జు వాస్తుంది, చుట్టూ గట్టి గోడ కాబట్టి ఆ వాపు ఎటూ పోలేక నరాన్ని నొక్కుతుంది, మీకు నిద్ర లేకుండా చేసింది అదే. అలా వాచీ వాచీ చివరికి గుజ్జు చచ్చిపోతుంది. నరమే చచ్చాక నొప్పి ఎక్కడిది? తగ్గిపోయిందనుకుని చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఇక మాత్రలంటారా, అవి రక్తంతో పాటు వెళ్లి పనిచేయాలి, చచ్చిన గుజ్జులోకి రక్తమే వెళ్లదు. వేరు చుట్టూ చేరిన చీము కొంత తగ్గుతుందేమో గానీ అసలు మూలం లోపలే కూర్చుని ఉంటుంది. ఆ గుజ్జును తీసేసి, లోపలంతా శుభ్రం చేసి మూసేయడమే రూట్ కెనాల్. అది చేయించకపోతే కొన్నాళ్లకు చెంప బూరెలా వాచి వస్తారు, అదీ సరిగ్గా ఇంట్లో పెళ్లి పెట్టుకున్నప్పుడే!

చూపు భయం మీ అత్తగారిది ఒక్కరిదే కాదు, నా దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మంది అడుగుతారు. పళ్లకు స్పర్శ తెచ్చే నరం వేరు, కంటికి చూపునిచ్చే నరం వేరు, రెండూ మెదడు నుంచే విడివిడిగా వస్తాయి. పైగా మీది కింది పన్ను!

క్యాన్సర్ వీడియో వెనక కథ వందేళ్ల నాటిది. అమెరికాలో వెస్టన్ ప్రైస్ అనే దంతవైద్యుడు, పీకిన పళ్లను కుందేళ్ల చర్మం కింద పెట్టి, అవి జబ్బుపడ్డాయి కాబట్టి రూట్ కెనాల్ చేసిన పళ్లే ఒంట్లో రోగాలకు కారణమని 1920ల్లో ప్రచారం చేశాడు. ఆ రోజుల్లో ఎంతోమంది మంచి పళ్లు కూడా పీకించుకున్నారు. తర్వాత జాగ్రత్తగా చేసి చూస్తే ఆ ఫలితాలు నిలబడలేదు. వీడియోలకు మాత్రం ఆ సంగతి ఇంకా తెలియలేదు.

నొప్పి గురించి మీరు అడగలేదు గానీ మనసులో ఉండే ఉంటుంది. మత్తు ఇంజెక్షన్ ఇచ్చే చేస్తారు, మామూలుగా ఫిల్లింగ్‌కు ఉన్నంతే ఉంటుంది. అయితే "నాకు ప్రాణం పోయింది" అని చెప్పేవాళ్లు అబద్ధాలాడుతున్నారనీ అనను. పన్ను బాగా వాచి ఉన్నప్పుడు, ముఖ్యంగా కింది దవడ పళ్లకు, మత్తు సరిగా ఎక్కదు. అప్పుడు ఇంకో ఇంజెక్షన్ అడగండి, ఓర్చుకోవాల్సిన అవసరం లేదు. తర్వాత రెండు మూడు రోజులు నమిలితే సలపరం ఉంటుంది, అంతే.

పీకిస్తే గొడవ వదలదమ్మా. పక్క పళ్లు ఆ ఖాళీలోకి ఒరుగుతాయి, పై పన్ను కిందికి దిగుతుంది, అప్పుడు ఆ ఖాళీలో కట్టుడు పన్ను కోసం బ్రిడ్జో ఇంప్లాంటో అని ఇంకో ఖర్చు. మిగిలిన పన్ను గట్టిగా ఉంటే కాపాడుకోవడమే మేలు, అది మీ ఎక్స్‌రే చూసిన డాక్టరే చెప్పగలరు. ఆయన దగ్గరికి ఈ వారమే వెళ్లండి.

ప్రశ్న: ఎనిమిది నెలల క్రితం దవడ పన్నుకు రూట్ కెనాల్ అయింది. క్యాప్ డబ్బుల కోసం చెప్తున్నారనుకుని వేయించుకోలేదు. మొన్న సకినాలు తింటుంటే పన్ను ముక్క ఊడింది. ఇప్పుడేం చేయాలి?
- ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: సకినాలది తప్పు లేదు బాబూ. పుచ్చు తీసి, వేళ్లలోకి దారి చేసేసరికి దవడ పన్ను చాలావరకు డొల్ల అవుతుంది, నమిలే బరువంతా ఆ పల్చటి గోడల మీదే. అందుకే పన్ను మీద తొడుగులా క్యాప్ వేయించుకోమంటారు. ముందు పళ్లకైతే కొన్నిసార్లు ఫిల్లింగే సరిపోతుంది. ఊడిన ముక్క చిగురు పైవరకే అయితే ఇప్పటికైనా క్యాప్ వేయొచ్చు, పగులు వేరులోకి దిగితే పీకడమే గతి. ఇంకోటి, నరం తీసేశాక పుచ్చు రాదనుకోకండి, వస్తుంది, కాకపోతే ఈసారి నొప్పి పుట్టి చెప్పదు.