ప్లగ్గు మర పోయిందా? ట్యాప్ తిప్పే ముందు సాక్ష్యం చూసుకోండి

సందేహం: నాకు ఒకటే సీఎన్‌జీ మినీ ట్రక్కు. నేనే నడుపుకుంటాను. ఒక షెడ్డులో స్పార్క్ ప్లగ్గులు మార్పించాను. పన్నెండో రోజు హైవే మీద ఒక ప్లగ్గు ఊడి ఎగిరిపోయింది. బండిని అదే షెడ్డుకు లాక్కొచ్చాం. ఇంజిన్ హెడ్‌లో మర పోయిందని, బండి పాతది కాబట్టి తప్పు తమది కాదని అంటున్నారు. స్లీవ్‌కు (రంధ్రంలో కొత్త మర కోసం కూర్చే లోహపు గొట్టానికి) 4,500 అడుగుతున్నారు. విప్పి చూసిన కూలి కట్టనిదే బండి వదలం అంటున్నారు. కొత్త హెడ్ ఖరీదు, పోయిన కిరాయిలు రాబట్టుకోవచ్చా? – ఒక పాఠకుడు, ఏలూరు

సమాధానం: కేసు వేయొచ్చు. కానీ ముందు ఒక పని ఆపించండి. ఆ షెడ్డులో స్లీవ్ వేయనివ్వకండి. పాడైన మరే మీ సాక్ష్యం. ట్యాప్ (కొత్త మర కోసే పనిముట్టు) ఒక్కసారి తిరిగితే అది అల్యూమినియం పొడిగా రాలిపోతుంది, ఆ తర్వాత తప్పెవరిదని అడిగినా చెప్పేవారుండరు.

ఊడిన ప్లగ్గును తుడవకుండా కవర్లో వేసి సీల్ చేయండి. దాని మర చుట్ల మధ్య స్ప్రింగులా అల్యూమినియం చుట్టుకుని ఉంటే, అతిగా బిగించడం వల్లనో వంకరగా ఎక్కించడం వల్లనో హెడ్ మర పీక్కొచ్చిందని అర్థం. కింది వాషర్ కూడా చూడండి. కొత్త ప్లగ్గు వాషర్ బోలుగా ఉంటుంది, సరిగా బిగిస్తే నలుగుతుంది. పన్నెండు రోజులు తిరిగాక కూడా నలగకుండా, పక్కన నల్లటి మసి చారలు ఉంటే ప్లగ్గు వదులుగా ఉండి గ్యాస్ లీకయిందన్నమాట. రెండూ షెడ్డు పనితనంలో లోపాలే. 'పాత బండి' అన్న సాకుకు ఇంతకంటే గట్టి జవాబు లేదు. రంధ్రం లోపల చిన్న కెమెరాతో వీడియో, ఓడోమీటర్ ఫోటో తీయించండి. లైసెన్సున్న మోటారు సర్వేయరు చేత రాతపూర్వక నివేదిక తీసుకోండి. వేరే మెకానిక్ నోటిమాట వినియోగదారుల కమిషన్‌లో నిలవదు, ఆయన సాక్ష్యానికి రావడం కూడా అరుదే. జాబ్ కార్డు, బిల్లు, యూపీఐ రసీదు భద్రపరచండి.

బండి ఆపుకోవడం సంగతి. కాంట్రాక్టు చట్టం 170వ సెక్షన్ ప్రకారం చేసిన పని కూలి అందేదాకా వస్తువును తన దగ్గర ఉంచుకునే హక్కు మెకానిక్‌కు ఉంది. మీరు ఒప్పుకున్న పనికే అది వర్తిస్తుంది. గొడవ పెట్టుకుంటే నష్టం మీకే, కిరాయిలు పోతాయి. రసీదు మీద 'అభ్యంతరంతో చెల్లిస్తున్నాను' అని రాసి కట్టి, బండి తెచ్చుకోండి. కట్టినా ఇవ్వకపోతే వినియోగదారుల పరిరక్షణ చట్టం 2019లోని 38(8) కింద మధ్యంతర ఉత్తర్వు కోరవచ్చు. పోలీసు స్టేషన్‌కు వెళ్లి ప్రయోజనం లేదు. మోసపు ఉద్దేశం లేని నిర్లక్ష్యం ఇక్కడ సివిల్ వ్యవహారమే.

అవతలి వకీలు మొదట ఎత్తే అభ్యంతరం 'ఇది వ్యాపార బండి, ఈయన వినియోగదారుడు కాదు' అని. లక్ష్మీ ఇంజినీరింగ్ వర్క్స్ కేసులో 1995లో సుప్రీంకోర్టు, బతుకుతెరువు కోసం తానే ట్రక్కు నడుపుకునేవాడు వినియోగదారుడేనని, ఒకరిద్దరు సహాయకులున్నా ఆ హోదా పోదని చెప్పింది. ఇక్కడ ఒక మెలిక ఉంది. 2019 చట్టం 2(7) వివరణలో స్వయం ఉపాధి మినహాయింపు వస్తువుల గురించే మాట్లాడుతుంది, పాత చట్టంలో ఉన్న 'సేవలు' అన్న మాట లేదు. అందుకే ఒకటే బండి, నడిపేది మీరే, ఇల్లు గడిచేది దీనితోనే అన్న విషయాలను ఫిర్యాదు మొదటి పేరాలోనే రాసి, ఆర్‌సీ, లైసెన్సు జతచేయండి. సేవ వ్యాపారం కోసమేనని రుజువు చేసే భారం సేవ ఇచ్చినవారిదేనని శ్రీరామ్ చిట్స్ కేసులో 2024లో సుప్రీంకోర్టు చెప్పింది కూడా.

కొత్త హెడ్ ఖరీదు అడగడం మాత్రం నేను సమర్థించను. కాంట్రాక్టు చట్టం 73వ సెక్షన్ వివరణ ప్రకారం, నష్టాన్ని తగ్గించే మార్గం ఉందా అన్నది లెక్కలోకి వస్తుంది. స్లీవ్‌తో పోయే పనికి హెడ్ మార్చి బిల్లు చూపితే కోత తప్పదు. హెడ్ పగిలిందనో, స్లీవ్ కూర్చునే గోడ మిగల్లేదనో సర్వేయరు రాస్తే అది వేరు. స్లీవ్ ఖర్చు, టోయింగ్, సర్వేయరు ఫీజు, పాత సర్వీసు డబ్బు, ట్రిప్ షీట్లతో చూపగలిగిన కొద్ది రోజుల కిరాయి, మానసిక వేదన అడగండి. వాహన బీమా మీద ఆశ పెట్టుకోకండి, మెకానికల్ బ్రేక్‌డౌన్ మామూలు పాలసీలో మినహాయింపే.

నివేదిక చేతికొచ్చాక వేరే షెడ్డులో చేయించండి. ఒకసారి ఊడిన చోట వైరు చుట్ట (మర కోసం రంధ్రంలో ఎక్కించే స్ప్రింగు లాంటి తీగ) కంటే గట్టి ఉక్కు స్లీవ్ నయం. వైరు చుట్ట ఒక్కోసారి తర్వాత ప్లగ్గుతో పాటే బయటకొస్తుంది. ట్యాప్ గాడుల్లో గ్రీజు నింపి, మాటిమాటికీ తీసి తుడుస్తూ తిప్పాలి, లేదంటే రజను సిలిండర్లో పడి గోడలు గీసుకుపోతాయి. స్లీవ్ పొడవు ప్లగ్గు మరకు సరిపోవాలి. 14 మి.మీ. వాషర్ ప్లగ్గుకు అల్యూమినియం హెడ్‌లో బిగింపు సాధారణంగా 25–30 న్యూటన్ మీటర్లు, టార్క్ రెంచ్‌తో, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు. ఈ అంకెను బిల్లు మీద రాయించుకోండి.

రిజిస్ట్రేషన్ సదుపాయంతో స్పీడ్ పోస్టులో 15 రోజుల నోటీసు ఇవ్వండి. చట్టం తప్పనిసరి చేయకపోయినా, జవాబు లేకపోవడం మీకు పనికొస్తుంది. తర్వాత ఏలూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయొచ్చు. షెడ్డు వేరే ఊళ్లో ఉన్నా మీరు నివసించే చోటే వేసే వీలుంది. సేవకు చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. గడువు నష్టం జరిగిన నాటినుంచి రెండేళ్లు.