వ్యూస్ వచ్చాయి, ఆర్డర్లేవీ?

ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ జిల్లాల్లోని తెలుగు పాఠకులు సోషల్ మీడియా ప్రచారం గురించి పంపిన ప్రశ్నల్లో కొన్నింటికి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: ఇంట్లో పచ్చళ్లు, వడియాలు, అప్పడాలు చేసి అమ్ముతున్నాను. ఇన్‌స్టాగ్రామ్‌లో రీల్ పెడితే మూడు నాలుగు వేల వ్యూస్ వస్తున్నాయి గానీ నెలకు పట్టుమని పది ఆర్డర్లు రావడం లేదు. లోపం ఎక్కడుంది?
– ఒక గృహిణి, పర్లాకిమిడి

జవాబు: అమ్మా, ఆ చూసినవాళ్లు ఏ ఊరివాళ్లో ముందు తెలుసుకోండి. సెట్టింగ్స్‌లో ఖాతాను ప్రొఫెషనల్‌గా మార్చుకుంటే, పైసా ఖర్చు లేకుండా, ‘ఇన్‌సైట్స్’లో ఊళ్ల వారీగా లెక్క కనిపిస్తుంది. హైదరాబాద్, బెంగళూరు ముందుంటే మీది కొరియర్ వ్యాపారం. పర్లాకిమిడి, పాతపట్నం, టెక్కలి ముందుంటే ఇంటికి తెచ్చిచ్చే వ్యాపారం. ఒకే వీడియోతో రెండూ నడపాలని చూస్తే రెండూ నడవవు.

ఇక ఆర్డర్లు రాకపోవడానికి మాకు తరచూ కనిపించే కారణం ధర చెప్పకపోవడం. ‘వివరాలకు మెసేజ్ చేయండి’ అని రాస్తే చాలామంది అడగరు. అడిగాక కొనకపోతే బాగుండదేమోనన్న మొహమాటం మనవాళ్లకు ఎక్కువ. పావుకిలో ఎంత, కొరియర్ ఎంత, ఎన్నాళ్లకు చేరుతుంది అన్న మూడు సంగతులూ వీడియోలోనే ఉండాలి. వీడియో జాడీలోంచి గరిటెతో ముక్క పైకి తీయడంతోనే మొదలవ్వాలి. ‘హాయ్ ఫ్రెండ్స్’ అనీ, తిరుగుతూ వచ్చే లోగో అనీ మొదటి మూడు సెకన్లు పోగొట్టుకుంటే చూసేవాళ్ల వేలు కిందికి జారిపోతుంది. ఫోన్ నిలువుగా పట్టుకుని ఇరవై, ముప్పై సెకన్లు తీయండి, చాలు. ధర మాత్రం తెర అడుగున రాయకండి. అక్కడ ఇన్‌స్టాగ్రామ్ మీ పేరు, మీరు రాసిన వాక్యం పరుస్తుంది, ధర దాని కిందపడి కనిపించదు. తెర మధ్యకు కాస్త పైన రాయండి.

తర్వాతి మెట్టు వాట్సాప్ బిజినెస్ యాప్. ఇది ఉచితం, మామూలు వాట్సాప్ కన్నా వేరు. ఇంటి నంబరు కాకుండా దీనికో సిమ్ పెట్టుకోండి. యాప్ వేసుకున్నాక ఈ నాలుగు పనులూ ఒక మధ్యాహ్నంలో అయిపోతాయి. క్యాటలాగ్‌లో ఒక్కో పచ్చడికి ఒక ఫొటో, బరువు, ధర పెట్టండి. అందులో 500 వస్తువుల దాకా పెట్టొచ్చు గానీ మీకు పది పన్నెండు చాలు. లేని సరుకును ఆ రోజే దాచేయండి, ‘అయిపోయిందండీ’ అని చెప్పించుకున్నవాళ్లు మళ్లీ అడగరు. రెండో పని గ్రీటింగ్ మెసేజ్. కొత్తగా రాసినవాళ్లకీ, 14 రోజులుగా మాటల్లేనివాళ్లకీ అది తనంతట వెళ్తుంది. ‘నమస్కారం, ధరలు క్యాటలాగ్‌లో ఉన్నాయి, ఏ ఊరికి పంపాలో చెప్పండి’ అన్న ముక్క సరిపోతుంది. మూడోది క్విక్ రిప్లయిలు. రోజూ టైపు చేసే కొరియర్ చార్జీలు, బ్యాంకు వివరాలు, నిల్వ ఉండే కాలం ఒకసారి రాసిపెట్టుకుంటే, ఏటవాలు గీత (/) కొట్టి ఒక్క మాట టైపు చేయగానే మొత్తం వచ్చేస్తుంది. నాలుగోది లేబుళ్లు: ‘డబ్బు రావాలి’, ‘ప్యాకింగ్’, ‘పంపాం’. వీటితో ఏ ఆర్డరు ఎక్కడ ఆగిందో వెతుక్కునే పని ఉండదు. చివరగా ఆ నంబరు లింకును ఇన్‌స్టాగ్రామ్ ప్రొఫైల్‌లో పెట్టండి. ప్రొఫైల్ వాక్యానికి 150 అక్షరాలే చోటు. కొటేషన్లు మానేసి ‘పర్లాకిమిడి పచ్చళ్లు, వడియాలు. మంగళ, శుక్రవారాల్లో కొరియర్’ అని రాయండి.

ఒక చిక్కు చెప్పాలి, సరిహద్దు ఊళ్లవాళ్లకు ఇది ముఖ్యం. మహేంద్రతనయ నది దాటితే ఆంధ్రప్రదేశ్‌లోని పాతపట్నం, మనకు పక్క వీధిలాంటిది. జీఎస్టీ చట్టానికి మాత్రం అది వేరే రాష్ట్రం. పన్ను పడే సరుకును ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి పంపి అమ్మేవాళ్లకు, అమ్మకాలు ఎంత తక్కువైనా, రిజిస్ట్రేషన్ తప్పనిసరి అన్నది మూల నియమం. కొన్ని హస్తకళా వస్తువులకు సడలింపు ఉంది, పచ్చళ్లకు లేదు. హైదరాబాద్‌కు కొరియర్లు మొదలుపెట్టేముందే పన్నుల సలహాదారు దగ్గర కూర్చోండి. అలాగే ఆహార పదార్థాలు ఇంట్లో చేసి అమ్మినా ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ దగ్గర నమోదు ఉండాలి, ఆ 14 అంకెల నంబరు ప్యాకెట్ మీద ఉండాలి. ఆ లేబుల్‌ను రీల్‌లో ఒక క్షణం చూపించండి, కొత్తవాళ్ల అనుమానం సగం అక్కడే తీరుతుంది.

పచ్చడి కవరు దారిలో కారితే దాని ఫొటో కూడా సోషల్ మీడియాలోకే వస్తుంది, కాబట్టి ప్యాకింగ్ గురించీ ఒక మాట. కవరు చిరిగి కారడం తక్కువ, సీలు విడిపోయి కారడం ఎక్కువ. నింపేటప్పుడు మూతి లోపలి అంచుకు నూనె అంటితే వేడి సీలు అతుక్కోదు. మూతిని రెండంగుళాలు బయటికి మడిచి నింపండి, తర్వాత మడత విప్పి పొడిగుడ్డతో తుడిచి, అరంగుళం ఎడంగా రెండు సీళ్లు వేయండి. చాలా కొరియర్లు అరకిలో లెక్కన చార్జీ కడతాయి. అరకిలో పచ్చడి డబ్బాతో కలిపి 600 గ్రాములైతే కిలో చార్జీ పడుతుంది. ఆ లెక్క చూసుకున్నాకే ధర చెప్పండి.

ప్రశ్న: మాది పట్టుచీరల దుకాణం. మా కొనుగోలుదార్లలో తెలుగువాళ్లూ ఉన్నారు, ఒడియావాళ్లూ ఉన్నారు. రెండు పేజీలు పెట్టాలా? 500 రూపాయలు కట్టి పోస్టును ఎక్కువమందికి చూపించేలా బూస్ట్ చేస్తే ఎక్కడెక్కడివాళ్లో లైకులు కొట్టారు తప్ప దుకాణానికి ఎవరూ రాలేదు.
– ఒక వ్యాపారి, బరంపురం

జవాబు: రెండు పేజీలు వద్దండి. ఉన్న ఓపిక రెండుగా చీలి, రెండూ నెలకో పోస్టుతో ఎండిపోతాయి. ఒకే పేజీ ఉంచండి, భాష విషయంలో మాత్రం మామూలు సలహా మీ ఊరికి పనికిరాదు. బరంపురంలో ఇంట్లో తెలుగు మాట్లాడి బడిలో ఒడియా చదువుకున్నవాళ్లు బోలెడుమంది. వాళ్లకు తెలుగు వింటే ప్రాణం లేచొస్తుంది, తెలుగు అక్షరాలు మాత్రం కూడబలుక్కుని చదవాలి. ఇచ్ఛాపురం వైపు దీనికి తిరగేసి, ఇంట్లో ఒడియా, చదువు తెలుగు. అందుకని తెలుగు గొంతుతో తీసిన వీడియో మీద ఒడియా అక్షరాలు, ఒడియా గొంతుతో తీసినదాని మీద తెలుగు అక్షరాలు వేసి చూడండి. ధరలు, ఫోన్ నంబరు మామూలు అంకెల్లోనే. ఒడియా వాక్యాన్ని ఫోన్ అనువదించినట్టే పెట్టేయకుండా, దుకాణంలో ఒడియా చదివేవాళ్లతో ఒకసారి చదివించండి. వస్త్రాల మాటలు యంత్రం చేతిలో హాస్యంగా మారతాయి.

బూస్ట్ సంగతికొస్తే, ఆ బొత్తం నొక్కినప్పుడు మీరు ఏం కోరారన్నదే అసలు విషయం. ‘ఎంగేజ్‌మెంట్’ అని వదిలేస్తే లైకులు కొట్టే అలవాటున్నవాళ్లకే చూపిస్తుంది, వాళ్లు కొట్టేస్తారు. ‘మెసేజ్‌లు’ అన్న లక్ష్యం ఎంచుకుని వాట్సాప్‌కు కలపండి. ఊరు దగ్గర ఒడిశా అని రాష్ట్రం మొత్తం పెట్టకండి, బరంపురం మీద పిన్ను గుచ్చి చుట్టూ 40 కిలోమీటర్ల దూరం ఇవ్వండి. పాతిక కిలోమీటర్లున్న ఇచ్ఛాపురం అందులోకే వస్తుంది. వలయంలో కొంత సముద్రంలో పడుతుంది, నష్టమేమీ లేదు, అక్కడ ఫేస్‌బుక్ చూసేవాళ్లు లేరు. పలాస కావాలంటే ఆ ఊరి పేరు విడిగా చేర్చండి. భాష వడపోతలో ‘తెలుగు’ అని మాత్రం ఎంచకండి. చాలామంది ఫోన్‌ను ఇంగ్లిషులోనే ఉంచుకుంటారు, ఆ వడపోత మీకు కావలసినవాళ్లనే బయటికి నెట్టేస్తుంది. తెలుగు వీడియో ఒకటి, ఒడియా వీడియో ఒకటి, అదే వలయంలో రెండు ప్రకటనలుగా వదలండి.

రోజుకు 200 చొప్పున ఏడు రోజులు నడపండి. 1400, మీద 18 శాతం జీఎస్టీ 252, మొత్తం 1652 రూపాయలు. మూడు రోజుల్లోపు మార్పులు చేయకండి, పెద్ద మార్పు చేస్తే ప్రకటన ఎవరికి చూపించాలో యాప్ మళ్లీ మొదటినుంచి నేర్చుకోవడం మొదలెడుతుంది. వారం తర్వాత చూడాల్సింది లైకులు కాదు, ఒక్కో మెసేజ్ ఎంతకు పడిందన్నది. 1652కు 40 మెసేజ్‌లు వస్తే ఒక్కోటి 41 రూపాయల పైచిలుకు. వాళ్లలో ఎందరు దుకాణం మెట్లెక్కారో కౌంటర్ దగ్గర నోటుబుక్‌లో రాసుకోండి, ఆ లెక్క ఏ యాప్‌లోనూ దొరకదు. ఐఫోన్ యాప్‌లోంచి బూస్ట్ చేస్తే యాపిల్ 30 శాతం సర్వీస్ ఫీజు కలుపుతుంది. అదే పని బ్రౌజర్‌లో చేస్తే ఆ ఫీజు పడదు.

చీర ఫొటోలే అన్నిటికన్నా ఎక్కువ చెడగొడతాయి. ట్యూబులైటు కింద మెరూన్ ఇటుకరంగులా, ఆకుపచ్చ నల్లగా పడుతుంది. ఉదయం కిటికీ పక్కన, ఎండ నేరుగా పడని చోట, తెల్లగుడ్డ మీద పరచి తీయండి. తీసేముందు ఫోన్ తెర మీద చీరపైన వేలితో నొక్కి పట్టుకుంటే వెలుతురు అక్కడ ఆగిపోతుంది. నొక్కకపోతే జరీ మెరిసినప్పుడల్లా బట్ట రంగు మారిపోతుంది. ఒక చీరకు నాలుగు ఫొటోలు: మొత్తం పరిచి ఒకటి, కొంగు, అంచు మీద కుంభం (గుడి గోపురంలాంటి నమూనా) బాగా దగ్గరగా, తిరగేసిన వైపు. తిరగేసిన వైపు చూపించేవాళ్లు తక్కువ, నేత తెలిసినవాళ్లు మొదట అడిగేది మాత్రం అదే. ‘బరంపురం పట్టు’కు భౌగోళిక గుర్తింపు ఉంది కాబట్టి ఆ పేరు ఇక్కడి నేత చీరకే రాయండి, బయటినుంచి తెచ్చినవాటికి తగిలించకండి.

పోస్టుల క్యాలెండరులో ఉగాది, దసరాలతో పాటు జూన్ నడుమ వచ్చే ఒడియావాళ్ల రజ పండగను మరవకండి, కనీసం మూడు వారాల ముందు మొదలుపెట్టండి. మార్గశిర గురువారాలు రెండు భాషలవాళ్లకూ ఉన్నవే, ఆ నెలకు రెండు వేర్వేరు పోస్టులు అక్కర్లేదు.

ప్రశ్న: టైలరింగ్ షాపు రీల్‌కు సినిమా పాట పెడితే శబ్దం పోయింది. వేరేవాళ్లవి మాత్రం ఉంటున్నాయి. ఎందుకు?
– రాయగడ పాఠకుడు

జవాబు: వాళ్లవి వ్యక్తిగత ఖాతాలై ఉంటాయి. బిజినెస్ ఖాతాలకు సినిమా పాటల హక్కు ఉండదు. ఖాతా రకం మార్చి పాట పెట్టుకున్నా, వ్యాపారానికి వాడితే ఎప్పుడైనా తీసేయొచ్చు. ఇన్‌స్టాగ్రామ్‌ను నడిపే మెటావాళ్ల సౌండ్ కలెక్షన్‌లో ఉచిత సంగీతం ఉంది. అంతకన్నా మిషన్ చప్పుడు, కత్తెర బట్టను కోసే చప్పుడు బాగుంటాయి. ఫోన్ బట్టకు జానెడు దూరంలో పెట్టి, ఫ్యాను ఆపి తీయండి.

ప్రశ్న: మాది టెంట్‌హౌస్, వంట కాంట్రాక్టు. 600 మందికి వాట్సాప్‌లో బ్రాడ్‌కాస్ట్ పంపితే చాలామందికి చేరడం లేదు. ఒకేసారి వేలమందికి పంపే సాఫ్ట్‌వేర్ ఉందని ఒకరు అమ్మజూపుతున్నారు. కొనమంటారా?
– గుణుపురం పాఠకుడు

జవాబు: కొనకండి. బయటివాళ్ల సాఫ్ట్‌వేర్‌తో గుంపుగా పంపితే వాట్సాప్ నంబరునే నిలిపేస్తుంది. పదేళ్లుగా పెళ్లివారి దగ్గరున్న నంబరు పోయిందంటే వ్యాపారం పోయినట్టే. మీ మెసేజ్ చేరకపోవడానికి కారణం వేరు. బ్రాడ్‌కాస్ట్ మీ నంబరును సేవ్ చేసుకున్నవాళ్లకే వెళ్తుంది, ఒక్కో జాబితాలో 256 మందికే చోటు. కాబట్టి బిల్లు ఇచ్చేటప్పుడే ‘మా నంబరు సేవ్ చేసుకోండి, ముహూర్తాల తేదీలు ఖాళీ ఉన్నదీ లేనిదీ పంపుతాం’ అని అడిగి, వాళ్ల ఎదుటే చేయించండి. జాబితాలు ఊళ్ల వారీగా విడగొట్టండి. గుణుపురంలో తేదీ ఖాళీ అయితే రాయగడవాళ్లకు ఆ కబురు ఎందుకు? నెలకు రెండుసార్లు మించి పంపితే బ్లాక్ చేస్తారు. మిగతా రోజులకు స్టేటస్ ఉంది, అది 24 గంటలు ఉండి పోతుంది, ఎవరినీ విసిగించదు. నిన్నటి పందిరి, వడ్డించిన విస్తరి చాలు. పెళ్లివారి మొహాలు పెట్టేముందు మాత్రం వాళ్లనడగండి.

ప్రశ్న: గూగుల్ మ్యాప్స్‌లో మా కిరాణా దుకాణం పెట్టబోతే వీడియో అడుగుతోంది, రెండుసార్లు తిరస్కరించింది.
– పర్లాకిమిడి పాఠకుడు

జవాబు: ఆ వీడియో ఎక్కడా ఆపకుండా, అతకకుండా ఒకే బిగిన తీయాలి. వీధి, పక్క దుకాణాలు కనిపించేలా మొదలుపెట్టి, మీ బోర్డు మీద ఆగి, తాళం తీసి షట్టర్ ఎత్తి లోపలికి వెళ్లి, సరుకూ లైసెన్సు కాగితమూ చూపించండి. మామూలుగా దెబ్బతినేది పేరు దగ్గర: బోర్డు మీద ఒక పేరుండి, మ్యాప్‌లో ‘బెస్ట్ కిరాణా హోల్‌సేల్ పర్లాకిమిడి’ అని తోకలు తగిలిస్తే ఒప్పుకోదు, ఒప్పుకున్నా తర్వాత తీసేస్తుంది. రివ్యూ రాస్తే తగ్గింపు ఇస్తామనడం కూడా వాళ్ల నియమాలకు విరుద్ధమే.

ప్రశ్న: ‘కాపీరైట్ ఉల్లంఘన, 24 గంటల్లో మీ పేజీ మూసేస్తాం’ అని లింకుతో మెసేజ్ వచ్చింది. నిజమేనా?
– బరంపురం పాఠకురాలు

జవాబు: అలాంటి మెసేజ్ వస్తే దొంగల పనేననుకోండి. ఫిర్యాదు నిజమైతే యాప్ లోపల ‘అకౌంట్ స్టేటస్’లో కనిపిస్తుంది, మీరే తెరిచి చూసుకోండి, లింకు నొక్కకండి. ఇవాళే టూ ఫ్యాక్టర్ (పాస్‌వర్డ్‌తో పాటు ఇంకో కోడ్ కూడా అడిగే ఏర్పాటు) పెట్టుకుని, పేజీకి ఇంట్లో ఇంకొకరిని కూడా అడ్మిన్‌గా చేర్చండి. పెద్ద ఆర్డరు చెప్పి ‘డబ్బు పంపడానికి ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి’ అనేవాళ్లూ ఇదే తెగ. యూపీఐలో డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. పంపినట్టు స్క్రీన్‌షాట్ చూపించినా, మీ బ్యాంకు ఖాతాలో జమ కనిపించాకే పార్సిల్ కట్టండి.